అనుమానం ఎవరి మీద? అనుమానపు లాభం ఎవరికి?



2000 ఏప్రిల్ 14. ఊరూరా మనం బాబాసాహెబ్ విగ్రహాలకు దండలు వేస్తున్న రోజు. సరిగ్గా అదే రోజు టోక్యో జిల్లా కోర్టు ఒక నేపాలీ వలస కార్మికుడిని హత్య కేసులో నిర్దోషి అని ప్రకటించింది. అప్పటికి మూడేళ్లుగా అతను లోపలే ఉన్నాడు. నిర్దోషి అన్నాక ఎవరైనా ఏమనుకుంటారు? తలుపు తీస్తారు, మనిషి ఇంటికి వెళ్తాడు అనుకుంటారు. అతను ఇంటికి వెళ్లింది 2012 జూన్‌లో. నిర్దోషి అని విన్న తర్వాత ఇంకో పన్నెండేళ్లకు.

ఆ పన్నెండేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఈ వారం చూద్దాం. ఇది జపాన్ కథే. కానీ కోర్టు గుమ్మం తొక్కిన ప్రతి దళితుడికీ ఇందులో తెలిసిన సంగతులు చాలా కనిపిస్తాయి.

అతని పేరు గోవింద ప్రసాద్ మైనాలి. తూర్పు నేపాల్‌లో తేయాకు తోటలకు పేరున్న ఇలాం అతని ప్రాంతం. భార్యనూ ఇద్దరు చిన్న కూతుళ్లనూ ఇంటి దగ్గర వదిలి 1994లో జపాన్ వెళ్లాడు. వీసా గడువు అయిపోయినా ఆగిపోయాడు. మన గల్ఫ్ భాషలో చెప్పాలంటే ఖల్లివెల్లి అయ్యాడు. టోక్యో పక్కన మకుహరిలో ఒక భారతీయ రెస్టారెంటులో పని. షిబుయాలోని ఒక ఇరుకు గదిలో తోటి నేపాలీలతో కలిసి నివాసం.

అప్పటి జపాన్‌ను కొంచెం చూడాలి. 1980ల చివర్లో అక్కడ డబ్బు పొంగింది, పనివాళ్లు దొరకలేదు. మురికి పని, ప్రమాదకరమైన పని, ఒళ్లు విరిగే పని చేయడానికి సొంత జనం ముందుకు రాలేదు. ఆసియా దేశాల నుంచి పర్యాటక వీసాల మీద వచ్చినవాళ్లు ఆ పనుల్లోకి దిగారు. 1990లో వలస చట్టాన్ని మార్చి, అనుమతి లేనివాళ్లకు పని ఇచ్చే యజమానులకు కూడా శిక్షలు పెట్టారు. అయినా 1993 నాటికి గడువు దాటి ఉన్న విదేశీయులు దాదాపు 3 లక్షల మంది. గిన్నెలు కడగడానికీ కాంక్రీటు మోయడానికీ వాళ్లు కావాలి. కాగితాల మీద మాత్రం వాళ్లు ఉండకూడదు. ఊరి చాకిరీ అంతా చేయించుకుని ఊరి బయట ఉండమన్న ఏర్పాటు మనకు కొత్త కాదు కదా.

1997 మార్చి 19న షిబుయాలోని మరుయామా-చోలో, ఒక ఖాళీ ఫ్లాటులో ఒక స్త్రీ శవం బయటపడింది. గొంతు నులిమి చంపారు. మార్చి 8 రాత్రి జరిగిన హత్య అని తేల్చారు. ఆమె వయసు 39. టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీలో బాధ్యత గల ఉద్యోగి. రాత్రిపూట అదే వీధుల్లో డబ్బు తీసుకుని మగవాళ్లతో గడిపేది. ఈ రెండో సంగతి తెలియగానే జపాన్ వారపత్రికలు ఆమెను మళ్లీ చంపాయి. ఆమె ఎక్కడ చదివింది, ఎందుకు అలా అయింది, ఆ రాత్రులు ఎలా గడిచేవి అన్నవే నెలల తరబడి వార్తలు. ఆమెను ఎవరు చంపారన్న ప్రశ్న వెనక్కి పోయింది. ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఇప్పటికే చాలామంది రాశారు.

మైనాలి ఉండేది ఆ ఫ్లాటు పక్క భవనంలో. ఆ ఖాళీ ఫ్లాటు తాళంచెవి అంతకుముందు అతని దగ్గర ఉండేది. మార్చి 23న అతన్ని అరెస్టు చేశారు. హత్యకు కాదు, వీసా గడువు దాటినందుకు. ఆ కేసులో మే 20న శిక్ష పడింది, అదీ అమలు నిలిపివేసిన శిక్ష. అంటే జైలుకు పోనక్కర్లేదు. అదే మే 20న హత్య కేసులో మళ్లీ అరెస్టు చేశారు. ఒక కేసు మీద లోపల పెట్టి ఇంకో కేసుకు సాక్ష్యం వెతుక్కోవడం జపాన్ పోలీసులకు బాగా అలవాటైన పద్ధతి. అక్కడ ఒక్కో ఆరోపణకు, చార్జిషీటు వేయకముందే, 23 రోజుల వరకూ నిర్బంధించవచ్చు. ఆ రోజులు ఎక్కువగా పోలీస్ స్టేషన్ లాకప్‌లోనే గడుస్తాయి. చార్జిషీటు వేస్తే శిక్ష పడే రేటు 99 శాతం పైనే.

ఇప్పుడు సాక్ష్యాలు. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ఫ్లాటు మరుగుదొడ్డిలో ఒక కండోమ్ దొరికింది. అందులో ఉన్నది మైనాలి వీర్యం. గదిలో అతని వెంట్రుక కూడా దొరికింది. ఆ స్త్రీ ఎవరో తెలియదని మొదట అతను పోలీసులకు చెప్పాడు. అది అబద్ధం. ఆమెను డబ్బిచ్చి కలిశానని తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఫ్లాటులో కలిసింది మాత్రం హత్యకు కొన్ని రోజుల ముందని, తాళంచెవి అప్పటికే తిరిగి ఇచ్చేశానని అన్నాడు. హత్య చేశానని ఏ రోజూ ఒప్పుకోలేదు. గడువు దాటి దాక్కుని బతికే మనిషి పోలీసుల ముందు నిజం చెప్పడానికి ఎందుకు భయపడతాడో మీకు చెప్పక్కర్లేదు. కోర్టులో మాత్రం ఆ భయం నేరస్థుడి లక్షణంగా కనబడుతుంది.

రెండో వైపు చూడండి. అదే గదిలో అతనివీ ఆమెవీ కాని వెంట్రుకలు కూడా ఉన్నాయి. అంటే మూడో మనిషి ఎవరో వచ్చాడు. ఆమె రైలు పాసు అక్కడికి దూరంగా సుగమో ప్రాంతంలో ఒక ఇంటి ఆవరణలో దొరికింది. మైనాలికి ఆ ప్రాంతంతో ఏ సంబంధమూ లేదు. ఆ పాసు అక్కడికి ఎలా వెళ్లిందో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోయింది. జిల్లా కోర్టు ఈ రెండు వైపులనూ తూచింది. అతనే చంపాడని తేల్చడానికి ఇవి చాలవు, సహేతుకమైన అనుమానం మిగిలింది, కాబట్టి నిర్దోషి అంది. అదే ఏప్రిల్ 14 తీర్పు.

జపాన్ చట్టం ప్రకారం నిర్దోషి అన్న క్షణంలో నిర్బంధ వారెంటు చెల్లదు. జపాన్ పౌరుడైతే ఆ సాయంత్రమే రైలెక్కి ఇంటికి వెళ్లేవాడు. మైనాలిని వలస శాఖకు అప్పగించారు. ఎందుకంటే వీసా లేదు, నేపాల్ పంపేయాలి. ప్రాసిక్యూటర్లు అప్పీలు చేశారు. ఇతను దేశం దాటితే మళ్లీ దొరకడు, లోపలే ఉంచండి అని అడిగారు. కోర్టులు మొదట ఒప్పుకోలేదు. వాళ్లు మళ్లీ అడిగారు. మే 8న టోక్యో హైకోర్టు ఒప్పుకుంది. జూన్‌లో సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు విభేదించారు.

నిర్దోషి అని తేలిన మనిషిని నిర్బంధించడానికి దొరికిన అసలు కారణం అతని పాస్‌పోర్టు. కొత్త సాక్ష్యం ఏదీ రాలేదు. జపాన్ పౌరుడిని ఈ కారణం మీద ఆపలేరు, ఎందుకంటే అతన్ని పంపేయడానికి వేరే దేశం లేదు. ఒకే తీర్పు. పుట్టిన చోటును బట్టి దానికి రెండు ఫలితాలు.

ఆ ఏడాది డిసెంబర్ 22న హైకోర్టు తీర్పు చెప్పింది. అవే వెంట్రుకలు, అదే కండోమ్, అదే రైలు పాసు. ఈసారి యావజ్జీవం. కోర్టు హాల్లోనే అతను జపనీస్‌లో దేవుణ్ణి పిలుస్తూ నేను చేయలేదని అరిచాడు. 2003 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. అతన్ని యొకొహామా జైలుకు పంపారు.

మరి ఎలా బయటపడ్డాడు? 2005లో పునర్విచారణ కోసం పిటిషన్ వేశారు. 2011లో కోర్టు అడిగిన మీదట, పరీక్ష చేయకుండా మిగిలిన నమూనాలకు ప్రాసిక్యూటర్లు డీఎన్ఏ పరీక్ష చేయించారు. ఆమె శరీరంలో దొరికిన వీర్యం మైనాలిది కాదు. అది ఆ గదిలో దొరికిన మూడో మనిషి వెంట్రుకతో సరిపోయింది. అంతే కాదు. ఆమె శరీరం మీద దొరికిన లాలాజలం ఓ గ్రూపు రక్తం ఉన్న మనిషిదని దర్యాప్తు రోజుల్లోనే తేలింది. మైనాలిది బి గ్రూపు. ఆ నివేదిక ఇన్నేళ్లూ డిఫెన్స్ లాయర్ల చేతికి రాలేదు. ఆమె గోళ్ల నుంచి తీసిన నమూనాలోనూ చివరికి ఆ మూడో మనిషి డీఎన్ఏ దొరికింది.

2012 జూన్ 7న హైకోర్టు పునర్విచారణకు అనుమతించి శిక్షను నిలిపివేసింది. కొద్ది రోజుల్లోనే వలస శాఖ అతన్ని నేపాల్ విమానం ఎక్కించింది. నవంబర్ 7న, అతను లేకుండానే, నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఈసారి ప్రాసిక్యూటర్లు కూడా అతన్ని దోషి అనలేమని ఒప్పుకున్నారు. తర్వాత చట్టం అనుమతించే గరిష్ఠ పరిహారం, రోజుకు 12,500 యెన్ల లెక్కన, దాదాపు 6 కోట్ల 80 లక్షల యెన్లు ఇచ్చారు. అతను వెళ్లినప్పుడు నేపాల్‌ను రాజు ఏలుతున్నాడు. తిరిగి వచ్చేసరికి అది గణతంత్రం. మధ్యలో ఒక అంతర్యుద్ధం మొదలై ముగిసిపోయింది. పసిపిల్లలుగా వదిలి వెళ్లిన కూతుళ్లు యువతులయ్యారు.

అసలు హంతకుడు ఇప్పటికీ దొరకలేదు. దొరికినవాడిని పట్టుకుని కేసు మూసేస్తే ముందు అన్యాయమైపోయేది చనిపోయిన మనిషికే. పదిహేనేళ్లు ఆమె హత్యను ఎవరూ దర్యాప్తు చేయలేదు, ఎందుకంటే కాగితం మీద అది పూర్తయిన కేసు. స్త్రీల పక్షాన నిలబడేవాళ్లు నిందితుడి హక్కుల గురించి మాట్లాడకూడదని కొందరు అంటుంటారు. వాళ్లు ఈ కేసు చదవాలి.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం.

మైనాలి అన్నది నేపాల్ కొండ బ్రాహ్మణుల, బాహున్‌ల ఇంటిపేరు. సొంత ఊళ్లో అతని మాటకు పుట్టుకతోనే ఒక విలువ ఉంటుంది. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం నేపాల్ జనాన్ని కులాల మెట్లుగా పేర్చి, ఒకే నేరానికి ఒక్కో మెట్టుకు ఒక్కో శిక్ష రాసింది. బ్రాహ్మణుడికి మరణశిక్ష లేదు. ఈ ఏర్పాటు మనుస్మృతిలోనిదే. 1963లో కొత్త చట్టం వచ్చేదాకా అది కాగితం మీద నడిచింది. ఆ పుట్టుక షిబుయా పోలీసుల కంటికి కనబడలేదు. వాళ్లకు కనబడింది కాగితాలు లేని ఒక ఆసియా కూలీ. ఇలాంలో శిక్షను తగ్గించగలిగిన పుట్టుకే టోక్యోలో శిక్షకు కారణమైంది.

దీన్ని చూసి లోలోపల సంతోషించేవాళ్లు మనలో ఉండొచ్చు. తప్పు. నేను చెప్పేది వేరు. అనుమానం మనిషి గుణాన్ని బట్టి పడదు, అతను నిలబడిన మెట్టును బట్టి పడుతుంది. మెట్టు మారితే బ్రాహ్మణుడి మీద కూడా పడుతుంది. మన దగ్గర నేరస్థ తెగల చట్టం చేసింది ఇదే. ఎరుకల ఇంట్లో పుట్టిన పిల్లవాడు దొంగతనం చేయకముందే పోలీసు రిజిస్టరుకు ఎక్కాడు. స్టువర్టుపురం పేరు వినగానే ఈరోజుకీ కొందరి ముఖాలు ఎలా మారతాయో మీరు చూసే ఉంటారు.

తెలుగులో ఒక చిత్రం ఉంది. ఇతనే చేసి ఉంటాడన్న శంకనూ అనుమానమే అంటాం. ఇతను చేశాడో లేదో అన్న సంశయాన్నీ అనుమానమే అంటాం. మొదటిది మనిషిని లోపల వేస్తుంది. రెండోది మనిషిని బయటికి తేవాలి. దానికే కోర్టులో బెనిఫిట్ ఆఫ్ డౌట్ అని పేరు. మైనాలికి మొదటి అనుమానం ఒక్క రోజులో అందింది. రెండోది అందడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఈ రెండో అనుమానం ఎవరికి సులువుగా అందుతుంది? చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యాల్లో లోపాలున్నాయంటూ అందరినీ వదిలేసింది. అక్కడ కళ్లారా చూసిన మనుషులు కోర్టుకు వచ్చి చెప్పారు. వాళ్ల మాటలో దొరికిన ప్రతి చిన్న తేడా నిందితుల ఖాతాలో జమ అయింది. టోక్యోలో చూసిన సాక్షి ఒక్కరూ లేరు. మూడో మనిషి వెంట్రుక కళ్లముందే ఉంది. అయినా అది నిందితుడి ఖాతాలోకి రాలేదు. రెండు దేశాలు, రెండు చట్టాలు, వేరు వేరు కేసులు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ అనుమానపు లాభం ఏ వైపు పారుతుందో చూస్తే, రెండు చోట్లా పల్లం ఒకే దిక్కున ఉంది.

కోపంలో మనం ఒక మాట అంటుంటాం. ఈ బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంతా దొరల కోసం పెట్టుకున్నది, తీసేస్తే పోతుంది అని. నేను ఒప్పుకోను. అది తీసేస్తే ముందు జైలు నిండేది మనవాళ్లతోనే. ఇప్పటికే దేశంలోని ఖైదీల్లో దళితుల వాటా జనాభాలో మన వాటా కంటే ఎక్కువ. చుండూరులో మనం అడగాల్సింది ఇంకో కొలత కాదు. అదే కొలత మన సాక్షికీ మన నిందితుడికీ కూడా పెట్టమనే. రాజ్యాంగంలో 14వ అధికరణ, 21వ అధికరణ చూడండి. చట్టం ముందు సమానత్వం, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ అన్న చోట పౌరుడు అనే మాట లేదు, వ్యక్తి అని ఉంది. 19వ అధికరణలో మాత్రం పౌరులు అని ఉంది. ఎవరికి ఏది ఇస్తున్నారో తెలిసి వాడిన మాటలవి. ఈ దేశంలో అరెస్టయిన విదేశీయుడికి కూడా 14, 21 వర్తిస్తాయి. టోక్యోలో ఆ ఏప్రిల్ 14న లోపించింది సరిగ్గా ఇదే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్లిన ఐదుగురు జైలు పాలయ్యారు. నేపాల్‌లో ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకుని, పరిహారం ఇచ్చి, క్షమాపత్రం తెచ్చినా విడుదల ఏళ్ల తరబడి కదలలేదు. 2024 ఫిబ్రవరిలో, 18 ఏళ్ల తర్వాత, వాళ్లు ఇళ్లకు చేరారు. ఆ కేసు మంచిచెడ్డలు నేను ఇక్కడ తీర్పు చెప్పను. కానీ పరాయి దేశంలో, పరాయి భాషలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసే పరిస్థితి ఎలా ఉంటుందో గల్ఫ్ పల్లెలకు తెలుసు. చనిపోయినవాడూ వలస కూలీయే అని కూడా గుర్తుంచుకోవాలి.

అదే నేపాలీ హైదరాబాద్ వస్తే? అపార్టుమెంటులో బంగారం పోతే పోలీసుల కంటే ముందు నివాసుల వాట్సాప్ గ్రూపు వాచ్‌మన్‌ను తేల్చేస్తుంది. పత్రికల్లో ‘నేపాలీ గ్యాంగ్’ అని శీర్షిక వస్తుంది. దొంగతనం చేసినవాళ్లు ఉండరని కాదు. దొరికిన తెలుగువాడికి ‘తెలుగు గ్యాంగ్’ అని ఎందుకు రాయరు అని అడుగుతున్నాను. పల్లెల్లో పనికి వచ్చే బిహారీ, ఒడియా కూలీల సంగతీ అంతే. దళితవాడ మీద ఊరు వేసే చూపును మనం కొత్తగా వచ్చినవాడి మీద వేస్తే, మనకూ ఆ ఊరికీ తేడా ఏముంది?

జపాన్‌లో మైనాలిని బయటికి తెచ్చినవాళ్లలో మామూలు జపనీయులు ఉన్నారు. హైకోర్టు శిక్ష వేశాక వాళ్లు ఒక మద్దతు సంఘం పెట్టుకున్నారు. జైలుకు వెళ్లి అతన్ని చూసి వచ్చారు. భార్యను నేపాల్ నుంచి రప్పించి కలిపించారు. కరపత్రాలు పంచారు, లాయర్ల వెంట ఏళ్ల తరబడి నిలబడ్డారు. తమ కులం కాదు, తమ దేశం కాదు, తమ భాష కాదు. పైగా పత్రికలు హంతకుడని రాసిన మనిషి. మన సంఘాలు నేర్చుకోవాల్సిన పని ఇది. సభ పెట్టడం, ఫొటో దిగడం ఒక రోజుతో అయిపోతుంది. కేసు కాగితాలు తెప్పించుకుని చదవడానికి ఏళ్లు పడుతుంది.

లా చదివే పిల్లలకు ఒక మాట. ఈ కేసును తిప్పింది ఉపన్యాసం కాదు, భద్రపరిచిన నమూనా. అది అవతలి వాళ్ల దగ్గరే ఉంది, అడిగేదాకా బయటికి రాలేదు. కాబట్టి ఎవరినైనా హత్య కేసులో అరెస్టు చేశారన్న వార్త చూడగానే, పోస్టు పెట్టేముందు ఈ ప్రశ్నలు రాసుకోండి. మొదట ఏ కేసు మీద పట్టుకున్నారు? సేకరించిన వాటిలో పరీక్ష చేయనివి ఏవి? డిఫెన్స్‌కు ఇవ్వని కాగితాలు ఏవి? అతని భాష తెలిసిన మనిషి పక్కన ఉన్నాడా? ఇదే మనిషి పెద్ద ఇంటివాడైతే ఈరోజు ఎక్కడ ఉండేవాడు?

నిందితుడు మనవాడైనా కాకపోయినా ఈ ప్రశ్నలు మారకూడదు. మనకు కావాల్సినవాడి కోసం ఒకలా, కానివాడి కోసం ఒకలా అడిగితే అది ములుకీ ఐన్ అవుతుంది, రాజ్యాంగం కాదు.

మీ ఊళ్లో, మీ హాస్టల్లో, మీకు తెలిసిన కేసుల్లో అనుమానం ముందు ఎవరి మీద పడిందో కింద రాయండి. పేర్లు వద్దు, సంగతి చాలు. వచ్చే వారం నేరస్థ తెగల చట్టం గురించి వివరంగా మాట్లాడుకుందాం.

జై భీమ్.